సావుకు నలుగురే అన్న రూలు

మా కంపెనీ పని చెప్పడం సులువు. వరికోత మిషనో, ట్రాక్టరో, రోటవేటరో కావాల్సిన రైతు ఫోన్ చేస్తాడు, మేం పంపిస్తాం. ఫోన్లు ఎత్తే అమ్మాయిలు భూపాలపల్లిలో, మిషన్లూ డ్రైవర్లూ మహబూబాబాద్‌లో, కంప్యూటర్ల ముందు కూర్చునే పిల్లలు జనగామలో. మహబూబాబాద్ అని బోర్డుల మీద రాస్తారు గానీ మా నోట్లో అది మానుకోటే. జనగామ ఆఫీసు ఒక విత్తనాల దుకాణం పైన ఉండేది. కింద బస్తాలు దించినప్పుడల్లా పైన అందరం తుమ్మేవాళ్లం. ఫోన్లో బెంగళూరు వాళ్లతో మాట్లాడుతున్నప్పుడు ఆ తుమ్ములు మరీ ఎక్కువగా వచ్చేవి.

కంపెనీ పెట్టినవాడు ఒకప్పుడు నా తరగతిలో కూర్చున్నవాడే. జనగామలో ఒక ప్రైవేటు బడిలో నేను తెలుగు చెప్పేదాన్ని. వాడు హైదరాబాదులో ఇంజనీరు ఉద్యోగం వదిలేసి వచ్చి ఇది మొదలుపెట్టాడు, మనుషుల సంగతులు చూసుకోమని నన్ను బడి మాన్పించి తీసుకొచ్చాడు. ఆఫీసులో అందరికీ నేను అక్కను, వాడికొక్కడికే టీచర్‌ను. ఎంత పెద్ద బాస్ అయినా నేను కళ్లద్దాలు తీసి చూస్తే చేతులు కట్టుకుంటాడు. జీతం తర్వాత ఆ ఉద్యోగంలో నాకు నచ్చింది అదే.

రెండేళ్లలో కంపెనీ మా చేతుల్లోంచి జారి పెరిగిపోయింది. మొన్న చేరినవాడు నిన్న చేరినవాడికి పని నేర్పిస్తున్నాడు. అప్పుడు డబ్బు పెడతామన్న బెంగళూరు వాళ్లు ఒక మాట అడిగారు. మీ కంపెనీ కల్చర్ ఏమిటో రాసివ్వండి, అది లేకుండా ఇంత వేగంగా పెరిగితే కూలిపోతారు అన్నారు. మా బాస్‌కు ఆ రోజు నుంచి తిండి సయించలేదు. మన దగ్గర కల్చర్ ఉందా టీచర్ అని నన్ను మెట్ల మీద ఆపి అడిగాడు. ఉండే ఉంటుంది, ఎక్కడ పెట్టామో చూడాలి అన్నాను. నాకు వెటకారం ఎక్కువని వాడికి తెలుసు, అయినా నిజంగానే వెతకడానికి హైదరాబాదు నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించాడు.

ఆ నిపుణుడు మంచివాడే. తెల్ల బూట్లు వేసుకుని మానుకోట షెడ్డులోకి వచ్చాడు. ఆ షెడ్డులో నేలంతా ఇంజన్ ఆయిల్. మూడు ఊళ్ల వాళ్లనూ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి రంగురంగుల చీటీలు పంచాడు, మన కంపెనీ అంటే మీకు గుర్తొచ్చేది ఒక్క ముక్కలో రాయండి అన్నాడు. ఏరి చదివితే సగం చీటీల్లో కూలర్ అని ఉంది. కొన్నింట్లో చాయ్. ఒకదాంట్లో అక్క అరుస్తది అని ఉంది. అది ఎవరు రాశారో నాకు చేతిరాత చూడగానే తెలిసింది గానీ ఇప్పుడు చెప్పను.

నిపుణుడు చీటీలు పక్కన పెట్టి ఇంకో దారి పట్టాడు. "ఎవరూ చెప్పకుండానే మీరందరూ కలిసి చేసే పని ఏదైనా ఉందా?" అని అడిగాడు.

చివరికి వెనక వరసలో ఒక డ్రైవర్ లేచాడు. "సావులకు పోతం సార్."

"అంటే?"

"ఎవలింట్ల ఎవలు సచ్చిపోయినా అందరం పోతం."

నిపుణుడి ముఖం వెలిగిపోయింది. బోర్డు మీద పెద్ద అక్షరాలతో సానుభూతి అని రాసి, పక్కన గుండె బొమ్మ వేశాడు. డ్రైవర్ ఇంకా నిలబడే ఉన్నాడు. "గది గాదు సార్. పోతం, అంతే. పోకుంటే ఎట్ల?" అన్నాడు. నిపుణుడు దాన్ని రాసుకోలేదు.

నిజానికి డ్రైవర్ చెప్పిందే సరైన మాట. అది సానుభూతి కాదు, అలవాటు. కంపెనీ అంటే ఒక గదిలో పట్టేంత మందిమి ఉన్నప్పుడు మొదలైంది. అప్పట్లో మా ఏకైక డ్రైవర్ తల్లి టేకుమట్ల దగ్గర ఊళ్లో పోయింది. మాకున్న బండి ఒక ట్రాక్టర్, దాని ట్రాలీ. బాస్‌తో సహా అందరం ఆ ట్రాలీలో ఎక్కి జనగామ నుంచి బయలుదేరాం. పొద్దున బయలుదేరితే చేరేసరికి పొద్దు వాలింది, మట్టి చేయడం కూడా అయిపోయింది. ఆ డ్రైవర్ మమ్మల్ని చూసి మళ్లీ మొదటి నుంచి ఏడ్చాడు. మా బాస్ నడుములు పట్టేసి ట్రాలీ దిగలేక, ట్రాలీలోనే నిలబడి దండం పెట్టాడు. అప్పటి నుంచి ఎవరింట్లో ఏం జరిగినా కంపెనీ మొత్తం లేచి వెళ్లడం మొదలైంది, ఎవరూ రూలు పెట్టకుండానే.

చిక్కేమిటంటే మనుషులు పెరిగారు. ఒక మనిషిని ఉద్యోగంలోకి తీసుకుంటే వాడితోపాటు వాడి తాతలూ, అవ్వలూ, మేనత్తలూ కూడా కంపెనీలో చేరినట్టే. వాళ్లలో ఎవరో ఒకరు ఎప్పుడూ మంచాన ఉంటారు. యాసంగి కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు సగం కోసిన పొలంలో మిషన్‌ను ఆపేసి డ్రైవర్లు వెళ్లిపోయేవాళ్లు. రైతు ఫోన్ చేస్తే మా అమ్మాయిలు ఉన్నమాట చెప్పేవాళ్లు, సావుకు పోయిన్రే అన్న అని. రైతు కోప్పడతాడనుకుంటారు మీరు. "ఎవలింట్ల? ఎట్లనట?" అని అడిగి, "సరె తియ్, రేపు కోద్దాం" అనేవాడు. ఒకరిద్దరు రైతులైతే ఊరు కనుక్కుని వాళ్లూ వచ్చేశారు.

జనగామ పిల్లలకు కంప్యూటర్లో ఇది ఎట్లా చూపించాలో అర్థం కాలేదు. మిషన్ పేరు ఎదురుగా పనిలో ఉంది, ఖాళీగా ఉంది, మరమ్మతులో ఉంది అని మూడు స్థితులే ఉండేవి. వాళ్లు నాలుగోది చేర్చారు, దుఃఖంలో ఉంది అని. ఒకరోజు బాస్ కంప్యూటర్ తెర మీద చూస్తే మా వరికోత మిషన్లలో ముప్పాతిక వంతు దుఃఖంలో ఉన్నాయి. వాడు తల పట్టుకున్నాడు.

అదే వారంలో జనగామ పిల్లలు నా దగ్గరికి ఇంకో ఫిర్యాదు తెచ్చారు. జఫర్‌గఢ్ దిక్కు ఒక ముసలి రైతు ఉన్నాడట. కంపెనీ మొత్తంలో ఎక్కువ బుకింగులు ఆయనవే, ఎక్కువ క్యాన్సిళ్లూ ఆయనవే. పొద్దున మిషన్ బుక్ చేస్తాడు, సాయంత్రం వద్దంటాడు. ఒక్కసారి కూడా మా మిషన్ ఆయన పొలంలో దిగలేదు. అయినా సేవ ఎట్లా ఉందని అడిగితే ప్రతిసారీ ఐదుకు ఐదు చుక్కలు ఇస్తాడు. ఆ నంబరును బ్లాక్ చేద్దామని పిల్లల వాదన. రాని మిషన్‌కు ఐదు చుక్కలు ఇచ్చే మనిషి ఎవరో చూడాలనిపించి, కాల్ రికార్డింగు పెట్టమన్నాను.

"నమస్కారం సార్, ఏ మిషన్ కావాలె?" అంటోంది మా భూపాలపల్లి అమ్మాయి.

"ఏదున్నది బిడ్డ?"

"రోటవేటర్ ఉన్నది సార్, వరికోత మిషన్ ఉన్నది."

"తిన్నవా?"

"తిన్న సార్. ఎన్ని ఎకరాలు?"

"ఏం కూర?"

"టమాట పప్పు సార్. ఎన్ని ఎకరాలు రాయాలె?"

"రెండు రాస్కో. పిల్ల మంచిగున్నదా?"

"మంచిగున్నది సార్. అడుగులేస్తున్నది."

ముసలాయన దగ్గడం వినిపించింది. తర్వాత, "రేపటికి రాయి. మాపటికి కాన్సల్ జేస్త," అన్నాడు.

ఇయర్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను. ఏడుపొచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం కూడా వచ్చింది. మర్నాడే భూపాలపల్లి బస్సెక్కాను.

ఆ అమ్మాయి ముసలాయన కూతురు. వేరే కులం, వేరే మతం అబ్బాయిని చేసుకుంది. అతను చర్చికి వెళ్లే ఇంటివాడు, భూపాలపల్లిలో ఆటో నడుపుతాడు. ఆమెకు అన్నలిద్దరు. ఆమె వాళ్ల లెక్కలో చచ్చిపోయింది. తండ్రి ఫోన్‌లో కూతురి నంబరు కనిపిస్తే ఇంట్లో గొడవ. అందుకని ఆయన మిషన్ల నంబరుకు చేస్తాడు. రైతు ఫోన్‌లో ట్రాక్టర్ల వాళ్ల నంబరు ఉంటే ఎవరికి అనుమానం? ఫోన్ ఎవరు ఎత్తినా ఆయన గొంతు గుర్తుపట్టి ఈమెకు కలిపేవాళ్లు. ఆ గదిలో ఉన్న అమ్మాయిలందరికీ ఈ సంగతి తెలుసు, మాకే తెలియదు.

"గీ కంపెనీల చేరకముందు మా అవ్వ సచ్చిపోయినప్పుడు ఊరి మొదట్లనే ఆపిన్రు అక్క," అంది. "నేను, మా ఆయిన, ఇద్దరు దోస్తులం పోయినం. నూకేసిన్రు. అవ్వ మొకం సూడలే. నాయినకు గిప్పుడు పానం మంచిగుంటలేదు. గాయిన మొకమన్న సూడాలె. నాకు ఇంకేం వద్దు."

తల్లి చావు సంగతి ఏడవకుండానే చెప్పింది. మధ్యలో ఫోన్ మోగితే ఎత్తి, ఒక రైతుకు ట్రాక్టర్ రాసుకుని, మళ్లీ నా వైపు తిరిగి మిగతాది చెప్పింది. నేను జనగామ పిల్లలకు ఫోన్ చేసి ఆ నంబరు జోలికి వెళితే కాళ్లు విరగ్గొడతానన్నాను. కారణం అడిగారు. ఐదు చుక్కలు ఇచ్చే కస్టమర్‌ను ఎవడైనా పోగొట్టుకుంటాడా అన్నాను.

నేను జనగామకు తిరిగొచ్చేసరికి బాస్ ఒక నిర్ణయంతో ఎదురుచూస్తున్నాడు. నిపుణుడూ వాడూ కలిసి సానుభూతి విధానం అని ఒకటి తయారు చేస్తున్నారు.

"సావులు ఆపలేం టీచర్. పోయేటోళ్లను ఆపొచ్చు గదా," అన్నాడు. "ఒక్కో సావుకు ఇద్దరు పోతె సాలదా? కంపెనీ తరఫున."

మానుకోట షెడ్డులో పెద్ద మెకానిక్ ఒకాయన ఉన్నాడు, అందరూ భాయ్ అంటారు. మూడు తరాలుగా మానుకోటలో ఇంజన్లు విప్పే ఇల్లు వాళ్లది. మర్నాడు అక్కడి ఆఫీసులో బాస్ ఆయన్ను చర్చకు పిలిపించాడు. భాయ్ చేతులు తుడుచుకుంటూ వచ్చి విన్నాడు.

"ఇద్దరితోని పాడె ఎట్ల లేస్తది సార్?" అన్నాడు. "మా జనాజకైన, మీ పాడెకైన నలుగురు గావాలె. నాలుగు దిక్కుల పట్టకుంటె ఒరుగుతది."

బాస్ వెంటనే ఇద్దరు కొట్టేసి నలుగురు అని రాశాడు. బరువుల లెక్క కుదిరినందుకు వాడిలోని ఇంజనీరు సంతోషించాడు. భాయ్ రూలును అడ్డుకుందామనుకున్నాడు, వీళ్లు ఆయన మాటతో దాన్ని గట్టిచేసుకున్నారు. ఆయన షెడ్డుకు వెళ్లిపోయాడు.

ఆ తర్వాత జరిగిన చర్చలు నేను బడిలో కూడా చూడలేదు. ఎవరు పోతే నలుగురు, ఎవరు పోతే ఒక్కరూ వెళ్లనక్కర్లేదు అని చుట్టరికాలకు మెట్లు కట్టారు. తల్లిదండ్రులు మొదటి మెట్టు, బాబాయిలూ పిన్నులూ రెండో మెట్టు అనేసరికి డ్రైవర్లు లేచారు. చిన్నమ్మ రెండో మెట్టు ఎట్లయితది, నాకు పాలిచ్చింది గామెనే అని ఒకడు. పెద్దనాయిన అనే మాటలోనే నాయిన ఉన్నడు గద సార్ అని ఇంకొకడు. ఒకడు తనకు బతికున్న అమ్మలు నలుగురని వేళ్ల మీద చూపించాడు. నిపుణుడు బోర్డు మీద గీసిన మెట్లు చివరికి ఒకటే మెట్టు అయ్యాయి, దాని మీద అందరూ కూర్చున్నారు.

అయినా రూలు అమల్లోకి వచ్చింది. వెళ్లే నలుగురినీ కంప్యూటర్ ఎంచుతుంది, పక్షపాతం ఉండకూడదు కదా. వెళ్లినట్టు రుజువుగా అక్కడి నుంచి ఫోటో పంపాలి. మొదటిసారి కంప్యూటర్ ఎంచిన నలుగురికీ, తాత పోయిన డ్రైవర్ ముఖమే తెలియదు. వెళ్లిన ఊళ్లో ఆ రోజు రెండు చావులు. మావాళ్లు డప్పు చప్పుడు వినిపించిన ఇంటికి వెళ్లి, దండ వేసి, పాడె మోసి, ఫోటో పంపారు. డ్రైవర్ ఆ ఫోటో చూసి మానుకోట ఆఫీసుకు ఫోన్ చేశాడు. "గది మా తాత గాదు. మా తాతకు మీసాలుంటయి. మీరు మోసింది ఎవలనో ముసలవ్వను," అన్నాడు. ఆ ముసలమ్మ కొడుకులు మాత్రం ముక్కూ మొహం తెలియని మనుషులు వచ్చి భుజం పట్టారని ఊరంతా చెప్పుకుని, తర్వాత వాళ్ల పొలం పనంతా మాకే ఇచ్చారు. బాస్ దీన్ని విజయం కింద రాసుకున్నాడు. నాకు ఒళ్లు మండింది.

రూలు వచ్చిన రెండో రోజే భూపాలపల్లి అమ్మాయి ఫోన్ చేసింది. అందరూ దాన్ని తిట్టుకున్నారు, వెక్కిరించి నవ్వుకున్నారు. దాన్ని చదివి భయపడింది ఆమె ఒక్కతే.

"అక్క, నలుగురైతే నాకు పని గాదు," అంది. "అవ్వకు పోయినప్పుడు గూడ నలుగురమే ఉన్నం. నలుగురిని నూకుడు అల్కగనే ఉంటది. అందరు వస్తరనే నేను గీ కంపెనీల ఉన్న."

నేను బాస్ గదికి వెళ్లి మొత్తం చెప్పాను. వాడు విన్నాడు, బాధపడ్డాడు కూడా. కానీ ఒక్కరికి సడలిస్తే రేపు అందరూ అడుగుతరు టీచర్ అన్నాడు. నేను కళ్లద్దాలు తీశాను. వాడు చేతులు కట్టుకోలేదు. కంపెనీ నిజంగానే పెద్దదైపోయిందని నాకు అప్పుడు తెలిసింది, భయం వేసింది.

ముసలాయన ఫోన్లు తగ్గాయి. ఇంతకుముందు మిషన్ గురించి రెండు మాటలు, కూతురి గురించి నాలుగు మాటలు మాట్లాడేవాడు. తర్వాత తర్వాత మిషన్ ఊసే లేదు, దగ్గు, తిన్నవా, పిల్ల ఏం జేస్తున్నది. ఆమె మాత్రం ఎకరాలు అడుగుతూనే ఉండేది. పక్కన కొడుకులు వింటుంటారేమో అని ఆమెకు భయం.

బెంగళూరు వాళ్లు మమ్మల్ని చూడడానికి వస్తామన్న రోజు రానే వచ్చింది. చోటు మానుకోట షెడ్డు. బాస్ మూడు ఊళ్ల వాళ్లనూ రప్పించాడు. పొలాల్లో తప్పనిసరిగా ఉండాల్సిన కొందరు డ్రైవర్లు తప్ప అందరూ వచ్చారు. అందరికీ వంకాయ రంగు టీషర్టులు కుట్టించాడు. ముందు కంపెనీ బొమ్మ, వీపు మీద నవ్వుతూ పని, నవ్వుతూ సేవ అని తెల్ల అక్షరాలు. అమ్మాయిలు చుడీదార్ల మీదే వేసుకున్నారు. నాకూ ఒకటి ఇచ్చారు, చీర మీద వేసుకోనన్నాను. షెడ్డు నేల కడిగించి, దాని మీద ఎర్ర తివాచీ పరిచారు, కాసేపటికే కింది నుంచి ఆయిల్ పైకి వచ్చింది.

బెంగళూరు నుంచి ఒకామె, ఒకాయన వచ్చి ముందు సోఫాలో కూర్చున్నారు. నిపుణుడు మైకు పట్టుకుని మా విలువలు ఒక్కొక్కటే చదువుతున్నాడు. అప్పుడు భాయ్ వంగి నా చెవిలో చెప్పాడు. జఫర్‌గఢ్ దిక్కు వరి కోస్తున్న మా డ్రైవర్ ఫోన్ చేశాడట. ముసలాయన పొద్దున పోయాడు. కూతురికి చెప్పొద్దని అన్నలు ఊళ్లో అందరికీ చెప్పారు. మాపటికే పాడె లేపుతారు.

ఆ అమ్మాయి మూడో వరసలో కూర్చుని ఉంది. నేను వెళ్లి పక్కన కూర్చుని చెప్పాను. ఆమె ముందు నా ముఖం చూసింది, తర్వాత స్టేజీ వైపు చూసింది.

"నలుగురేనా అక్క?" అంది.

లేచి నిలబడ్డాను. పక్కనున్న అమ్మాయిలు ఆమె ముఖం చూసి వాళ్లే లేచారు. బయట భాయ్ అప్పటికే సామాన్లు మోసే డీసీఎం వ్యాన్ తీశాడు, వెనక ఇంకో రెండు బండ్లు తీయించాడు. డ్రైవర్లు ఏమైందని అడగలేదు, ఎవరింట్లో అని మాత్రం అడిగి కుర్చీలు వెనక్కి నెట్టారు. నిపుణుడు సానుభూతి దగ్గరికి వచ్చేసరికి షెడ్డులో బెంగళూరు వాళ్లిద్దరూ, ఖాళీ కుర్చీలూ మిగిలాయి. ఆయన పాపం ఆపకుండా చదివాడు.

బాస్ గేటు దాకా పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఎంతమంది పోతున్నరు టీచర్?"

"అందరం."

"గీ రోజా?"

"సచ్చినాయినకు తెల్వది గద, గీ రోజే నీకు ఎవలో వస్తరని," అన్నాను. కోపమొస్తే నాకు మా ఇంటి భాష వస్తుంది.

వాడు వ్యాన్‌లో ఎక్కుతున్న వాళ్లను చూశాడు. ముందు సీట్లో, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్న ఆ అమ్మాయినీ చూశాడు. లోపలికి వెళ్లి, బెంగళూరు వాళ్లను తన కారులో ఎక్కించుకుని మా వెనకే వచ్చాడు. వాళ్లను ఖాళీ షెడ్డులో వదిలేసి రావడం బాగుండదని తర్వాత నాతో చెప్పాడు. డబ్బు పెట్టారా లేదా అని మీకు అనుమానం ఉంటే, పెట్టారు. ఎందుకు పెట్టారో ఇప్పటికీ మా ఎవరికీ తెలియదు. ఆ నలుగురి రూలు కూడా కాగితాల్లో అట్లాగే ఉంది, తీసేయడానికి మీటింగు పెట్టే తీరిక ఎవరికీ దొరకలేదు.

తొర్రూరు దాటాక భాయ్ రోడ్డు పక్కన బండ్లన్నీ ఆపించాడు. వీపుల మీది నవ్వుతూ పని, నవ్వుతూ సేవ ఆయన కళ్లబడింది. "అంగీలు తిప్పి తొడుక్కోన్రి," అన్నాడు. మగవాళ్లు ఎండలో నిలబడి టీషర్టులు విప్పి లోపలి వైపు బయటికి తిప్పుకున్నారు. అమ్మాయిలు చున్నీలు కప్పుకున్నారు. కారు దిగి బాస్ కూడా తిప్పుకున్నాడు. బెంగళూరు ఆయన ఇదేదో మా పద్ధతి అనుకుని తన కోటు తిప్పి తొడుక్కున్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు, నాకు ఇప్పుడు రాస్తుంటే వస్తోంది.

ఆమె భర్త భూపాలపల్లి నుంచి ఆటోలో పిల్లను తీసుకుని బయలుదేరాడు. అంత దూరం నుంచి వేళకు అందుకోలేడని అందరికీ తెలుసు. పాడె లేచిపోతుందేమో అని మేమందరం భాయ్‌ను తొందరపెట్టాం. డీసీఎం ఎంత పోగలదో అంతే పోయింది.

ఊరి మొదట్లో బండ్లు ఆగాయి. డప్పు ఇంకా ఇంటి ముందే మోగుతోంది, లేపలేదు. చిన్న సందు, దాని చివర పందిరి. మమ్మల్ని చూసి జనం తలలు తిప్పారు. ఒకే రంగు బట్టల్లో ఇంతమంది దిగితే ఎవరైనా ఏమనుకుంటారు? "ఎలచ్చన్లు ఇంక రాలే గదా," అని ఒక ముసలామె అనడం నాకు వినిపించింది.

అన్నలిద్దరూ సందుకు అడ్డంగా వచ్చి నిలబడ్డారు. వాళ్ల వెనక ఇంకొందరు. పెద్దన్న కళ్లు వాచి ఉన్నాయి, వాడూ తండ్రిని పోగొట్టుకున్నవాడే. మా మధ్యలో చెల్లెలు ఉన్న సంగతి వాడు ఇంకా చూడలేదు.

"ఎవలు మీరు? ఏ పార్టీ?" అన్నాడు.

"పార్టీ గాదు," అన్నాడు భాయ్. "మిషన్లోళ్లం."

"మేం మిషన్ బుక్ జెయ్యలే."

"నువ్వు జెయ్యలే. మీ నాయిన జేసిండు. శాన సార్లు జేసిండు."

పెద్దన్నకు అర్థం కాలేదు. అంతలో భూపాలపల్లి అమ్మాయిలు శోకం ఎత్తుకున్నారు. మా దిక్కు ఆడవాళ్లు చావింటికి ఊరికే వెళ్లరు, పోయినవాళ్లతో మాట్లాడుతూ, రాగం తీసి ఏడుస్తూ వెళతారు. వీళ్లు ఆ ముసలాయన ముఖం ఎన్నడూ చూడలేదు, గొంతు మాత్రమే తెలుసు. తెలిసిందే ఎత్తుకున్నారు. ఎన్నిసార్లు మిషిని అడిగితివి నాయినా, ఒక్కపారి గూడ మిషిని రాకపాయె నాయినా. ఎకరాలు రాస్కొమ్మంటివి, ఎవలకోసం రాయాలె నాయినా. తిన్నవా అని అడిగేటోళ్లు ఎవలు నాయినా. ఊళ్లో ఆడవాళ్లు ఏడుపు ఆపి వీళ్ల ఏడుపు వింటున్నారు. నాకు వింతగా ఉంది, సిగ్గుగా ఉంది, కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. బాస్ నా పక్కన తలవంచుకుని నిలబడ్డాడు.

అప్పుడు పెద్దన్న ఆమెను చూశాడు. ముఖం మారిపోయింది. "గిది రావద్దు. మిగిలినోళ్లు రాన్రి, దండం పెట్టి పోన్రి. గిది మాత్రం లోపలికి రావద్దు," అన్నాడు.

ఎవరం కదలలేదు, ముందుకూ వెనక్కూ. డ్రైవర్లు సందు నిండా నిలబడ్డారు. ఎవరూ మీద చేయి వేయలేదు, పెద్దగా మాట్లాడలేదు. సందు మొదలు నుంచి రోడ్డు మీది బండ్ల దాకా మావాళ్లే.

పందిరి కింద నుంచి ఒక పెద్దమనిషి కర్ర పట్టుకుని వచ్చాడు. వాళ్ల కులానికి పెద్ద, పోయినాయనకు అన్న వరస. చావింటికి వచ్చినవాళ్లను మొట్టమొదట అడిగే మాటే ఆయన కూడా అడిగాడు. ఎవరు మీరు అని కాదు.

"ఎవలి తరఫున వచ్చిన్రు?"

"బిడ్డ తరఫున," అన్నాడు భాయ్.

"గామెకు తరఫు ఎవలు లేరు పెద్దనాయిన," అన్నాడు పెద్దన్న. "తల్లి సచ్చినప్పుడే తెగిపోయింది. గామె దిక్కు ఎవలు లేరు."

పెద్దమనిషి కళ్లకు చేయి అడ్డం పెట్టుకుని సందులోకి చూశాడు. డ్రైవర్లను, మెకానిక్కులను, ఏడుస్తున్న అమ్మాయిలను, జనగామ నుంచి వచ్చిన కళ్లద్దాల పిల్లలను, కోటు తిప్పి తొడుక్కున్న బెంగళూరు ఆయనను, చివర రోడ్డు మీద ఇంకా దిగుతున్నవాళ్లను చూశాడు. తొందరపడలేదు. తర్వాత పెద్దన్న వైపు తిరిగాడు.

"మరి గీళ్లెవలురా?" అన్నాడు.

తమ్ముడు పెద్దన్న మోచేయి పట్టుకుని పక్కకు లాగాడు. పూర్తిగా జరగలేదు, ఒక్క మనిషి పట్టేంత జరిగారు. ఆమె వాళ్లను తగలకుండా, తల దించకుండా, ఆ సందులోంచి లోపలికి వెళ్లింది.

మేమెవరం వెనక వెళ్లలేదు. డప్పు వాళ్లు కూడా ఆపేశారు. ఇంట్లోంచి నాయినా అని ఒక్క కేక వినబడింది, ఆ వెనకే ఏడుపు. భాయ్ టోపీ తీసి మట్టిలో కూర్చున్నాడు. ఒకరి తర్వాత ఒకరం అందరం కూర్చున్నాం.